సావిత్రి లెక్క తప్పిన చోట

నా పీహెచ్.డి. గ్రంథాన్ని నేనే అచ్చు వేయించుకున్నాను. వెయ్యి కాపీలు. ఇన్నేళ్ళు సాహిత్యం చదివినదాన్ని, ఏ పుస్తకం ఎవరు కొంటారో నాకు తెలియదా అనుకున్నాను. ఏడువందల పైచిలుకు కాపీలు ఇప్పటికీ మా అమ్మ మంచం కిందే ఉన్నాయి. ఆ కట్టలు చూసినప్పుడల్లా నాకు నటి సావిత్రి గుర్తొస్తుంది. నా నష్టాన్ని ఆమె నష్టంతో పోల్చడం అతిశయమే. కానీ ఇద్దరం లెక్క తప్పిన తీరు ఒకటేననిపిస్తుంది.

సావిత్రి అనగానే మోసపోయిన భార్య, మద్యం, ఎముక లేని చెయ్యి అంటాం. 2018లో వచ్చిన ‘మహానటి’ కూడా ఆమె ప్రేమనూ ఒంటరితనాన్నే ఎక్కువగా చూసింది. స్త్రీవాదులమైన మనమూ ఆమెను బాధితురాలిగానే తలచుకుంటాం. పెట్టుబడి పెట్టి, రిస్కు తీసుకుని, ఓడిపోయిన నిర్మాతగా ఆమెను చూసింది తక్కువ.

ఆనాటి మద్రాసులో నటీమణులు నిర్మాతలు కావడం వింత కాదు. కృష్ణవేణి నిర్మించిన ‘మనదేశం’ (1949)తోనే ఎన్.టి. రామారావు తెరకెక్కాడు. భానుమతి భరణీ సంస్థ ‘రత్నమాల’ (1948)తో మొదలైంది. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తనే డైరెక్ట్ చేసింది. అంజలీదేవి ‘అనార్కలి’ (1955), ‘సువర్ణసుందరి’ (1957) తీసి నిలదొక్కుకుంది. వీళ్ళ దక్షతను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ భానుమతి భర్త రామకృష్ణారావు దర్శకుడు. అంజలీదేవి భర్త ఆదినారాయణరావు సంగీత దర్శకుడు. కృష్ణవేణి భర్త మీర్జాపురం రాజాకి శోభనాచల స్టూడియో ఉంది. అంటే ఆ సంస్థల్లో సగం పని ఇంట్లోనే జరిగిపోయేది. ఒక్క మనిషికి అంటగట్టి ‘వ్యాపార ప్రతిభ’ అని మనం పిలిచేది చాలాసార్లు ఇలా పంచుకున్న పనే. విజయా సంస్థలో కూడా అంతే. కథ చక్రపాణిది, స్టూడియో, డబ్బు వ్యవహారం నాగిరెడ్డిది. తనకు చేతకానిది ఎవరి చేతిలో పెట్టాలో తెలియడమే నాగిరెడ్డి అసాధారణత్వం అనుకుంటాను.

‘పాతాళభైరవి’ (1951)లో ఒక నృత్యంలో కనిపించిన సావిత్రి 1968 నాటికి పదిహేడేళ్ళు సెట్లలో గడిపింది. కెమెరా, లైటింగు, ఎడిటింగు అన్నీ దగ్గర్నుంచి చూసింది. సెట్లో కనిపించనిది పద్దుపుస్తకం ఒక్కటే. డిస్ట్రిబ్యూటర్ల అడ్వాన్సులు, ఫైనాన్షియర్ల వడ్డీలు, పెద్ద నటుల కాల్షీట్లు నటి ముందు విప్పే విషయాలు కావు. షూటింగు నెల ఆలస్యమైతే కథేం మారదు, వడ్డీ మాత్రం పెరుగుతుంది.

1968లో ‘చిన్నారి పాపలు’ వచ్చింది. కథ వి. సరోజినిది, సంగీతం పి. లీలది, నృత్యాలు రాజసులోచనవి, దర్శకత్వం సావిత్రిది. ముఖ్యమైన శాఖలన్నీ స్త్రీలవే. మన సాహిత్యంలో సామూహిక స్త్రీవాద ప్రయత్నాలకు ఎంతో ముందే సినిమాలో ఇంత పని జరిగిందంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. డబ్బు మాత్రం రాలేదు.

అక్కడ ఆగలేదు. ‘మూగమనసులు’ (1964) తమిళ హక్కులతో, శివాజీ గణేశన్ హీరోగా, తనే నిర్మాత, దర్శకురాలు, నాయికగా 1971లో ‘ప్రాప్తం’ తీసింది. దెబ్బతిన్నది ఇక్కడే. తెలుగు ‘మూగమనసులు’ వెనక ఆదుర్తి సుబ్బారావు, ఆత్రేయ, ముళ్ళపూడి, మహదేవన్, గౌరిగా జమున, ఇంతమంది ఉన్నారు. వాళ్ళందరి గెలుపునీ తన రాధ పాత్ర గెలుపుగా ఆమె చదువుకున్నట్టుంది. పైగా నిర్మాతకి ‘వద్దు’ అని దర్శకుడు చెప్పాలి, దర్శకుడికి ‘ఇక చాలు’ అని నిర్మాత చెప్పాలి. మూడు కుర్చీల్లోనూ తనే కూర్చుంటే ఆ మాట చెప్పేదెవరు?

ఇదంతా ఒక స్నేహితురాలితో అంటే ఆమెకి కోపం వచ్చింది. “పోయినావిడ మీద ఈ లెక్కలేంటే?” అంది. నాకైతే రెండో వాదనే క్రూరంగా ఉంటుంది. భర్త వల్ల పోయింది, తాగుడు వల్ల పోయింది అంటే ‘ప్రాప్తం’ తీయాలన్న నిర్ణయం ఆమెది కాకుండా పోతుంది. తన శక్తిని ఎక్కువగా అంచనా వేసుకుంది అన్నప్పుడు కనీసం అంచనా వేసింది ఆమే అవుతుంది.

నాగయ్యని చూడండి. ‘త్యాగయ్య’ (1946) తీసి అంత పేరు తెచ్చుకున్నవాడు, సొంత సినిమాల్లో, దానాల్లో అంతా పోగొట్టుకుని 1973లో లేమిలో పోయాడు. ఆయన్ని ధర్మాత్ముడు అంటారు. ఆయన సంసారం గురించి ఎవరూ అడగరు. సావిత్రి కూడా అడిగినవాళ్ళకి లేదనలేదు. అయినా 1981లో ఆమె పోయాక ఆమె కథలో ముందు వచ్చింది సీసా, ఆ తర్వాత మొగుడు. ‘ప్రాప్తం’ పేరు ఎప్పుడో చివర్లో, ఒక వాక్యంలో వస్తుంది.