లోటా... తూటా

1857 జనవరి. కలకత్తా శివార్లలోని దమ్‌దమ్.

ఒక బ్రాహ్మణ సిపాయి వంటకని లోటా నిండా నీళ్ళు పట్టుకుని తన చౌకా వైపు నడుస్తున్నాడు. తూటాలు తయారయ్యే చోట పనిచేసే ఖలాసీ ఒకడు ఎదురొచ్చాడు.

"దాహంగా ఉంది మహరాజ్. కాసిని నీళ్ళిప్పించండి."

"లోటా ఇప్పుడే తోముకున్నాను. నువ్వు ముట్టుకుంటే మైలపడుతుంది."

ఖలాసీకి ఒళ్ళు మండింది. "లోటాకే ఇంత మడా! కాస్త ఆగండి. ఆవు కొవ్వు, పంది కొవ్వు పట్టించిన తూటాలు దొరలు మీ చేత పళ్ళతో కొరికిస్తారు. అప్పుడెక్కడుంటుందో మీ కులం!"

అచ్చంగా ఈ మాటలే అనుకున్నారో లేదో గానీ, జరిగింది మాత్రం ఇదే. జనవరి 22న కెప్టెన్ రైట్ పై అధికారికి పంపిన నివేదికలో ఈ గొడవ నమోదైంది. సిపాయి లైన్లలో అప్పటికే ఆ మాట ఒకరి నోట ఒకరికి పాకిపోయింది.

ఇంతకీ తూటాకి జిడ్డెందుకు?

సిపాయిలు అప్పటిదాకా వాడిన బ్రౌన్ బెస్ తుపాకి గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండు వదులుగా జారేది. నూరు గజాలు దాటితే గురి నమ్మడానికి లేదు. కొత్తగా దిగిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ సంగతి వేరు. 0.577 అంగుళాల గొట్టంలో మెలిక తిరిగిన 3 గాడులుంటాయి. పేలినప్పుడు సీసపు గుండు ఉబ్బి ఆ గాడులను పట్టుకుని గిర్రున తిరుగుతూ దూసుకుపోతుంది. చిక్కల్లా తుపాకిమందుతోనే. నాలుగు సార్లు పేల్చేసరికి గొట్టం లోపల మసి గట్టిగా అట్టకడుతుంది. ఆ పైన గుండు కడ్డీతో ఎంత దంచినా దిగదు. అందుకే తూటాలో గుండు ఉన్న కొసకు జిడ్డు పట్టించేవారు. అది మసిని మెత్తబరిచి గుండుకు దారిస్తుంది. మందు ఉన్న కొసను పళ్ళతో కొరికి, పొడి గొట్టంలో పోసి, తూటా తిరగేసి గుండు దించాలి. కొరికే కొస వేరు, జిడ్డు కొస వేరు. కానీ వేలెడంత కాగితపు గొట్టంలో మడికీ మైలకీ మధ్య గీత ఎవరు గీస్తారు?

జిడ్డు పాళ్ళు పైవాళ్ళే నిర్ణయించారు. పశువుల కొవ్వు 5 పాళ్ళు, స్టియరిన్ 5 పాళ్ళు, మైనం 1 పాలు. ఏ పశువు కొవ్వు? ఆ ముక్క ఎవరూ రాయలేదు. ఆరా తీస్తే, అందులో ఆవు కొవ్వు ఉండి ఉండవచ్చు, లేకపోనూ వచ్చని ఆయుధశాఖ పెద్దల నుంచే జవాబొచ్చింది. అనుమానానికి అంతకన్నా మంచి ఎరువు ఉండదు.

హెచ్చరించిన వాళ్ళు లేకపోలేదు. 1853లో ఇలాంటి తూటాలు మన ఎండకి తట్టుకుంటాయో లేదో చూద్దామని ఇంగ్లండు నుంచి వచ్చాయి. జిడ్డు కులాచారానికి అడ్డురానిదని తేలేదాకా వీటిని తెల్ల సైనికుల చేతికే ఇవ్వండని బెంగాల్ సైన్యపు అడ్జుటంట్ జనరల్ కల్నల్ టక్కర్ అప్పుడే రాశాడు. ఆ ఉత్తరాన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

దమ్‌దమ్‌లో ఇప్పుడు సిపాయిలను వరసలో నిలబెట్టి, మీ బాధేమిటో చెప్పండన్నారు. చాలామంది ముందుకొచ్చారు. వాళ్ళడిగింది గొంతెమ్మ కోరికేం కాదు: కొవ్వు బదులు మైనం, నూనె ఇప్పించమన్నారు. తుపాకి పనికి అది తీసిపోయేది కూడా కాదు. తేనెమైనం 60 డిగ్రీలు దాటితే గాని కరగదు. వట్టి కొవ్వు మన వేసవికి అంతకు చాలా ముందే జారిపోతుంది.

సిపాయిల భాష తెలిసిన మేజర్ జనరల్ హియర్సీ ఈ కోరిక సబబేనని పైకి రాశాడు. జనవరి 27న ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట డిపోల నుంచి జిడ్డు లేని తూటాలే ఇస్తారు, ఎవరికి నచ్చింది వాళ్ళు పూసుకోవచ్చు.

కథ అక్కడితో ముగియాలి. ముగియలేదు.

ఫిబ్రవరిలో బారక్‌పూర్‌లో విచారణ. ఈసారి నేరం కాగితం మీద పడింది. నిగనిగలాడుతోంది, చింపితే బట్టలా చిరుగుతోంది, కాలిస్తే కొవ్వు కంపు కొడుతోందని సిపాయిలు సాక్ష్యమిచ్చారు. కాగితంలో ఏమీ లేదని దొరలు ఎంత చెప్పినా చెవికెక్కలేదు. పళ్ళతో వద్దు, చేత్తో చింపండని మార్చిలో కవాతు పద్ధతే మార్చారు. కొరికే పని తప్పించారంటే ఏదో ఉన్నట్టేగా అనుకున్నారు.

అంబాలా డిపోలో సిపాయిలు తమ చేత్తో తెచ్చుకున్న నెయ్యి, మైనమే తూటాలకు పూశారు. అక్కడ శిక్షణలో ఉన్న ఇద్దరు తమ 36వ పటాలం వాళ్ళను చూడబోతే, మీరు కిరస్తానీల్లో కలిశారంటూ సుబేదారు మొహం మీదే అన్నాడు. సొంతవాళ్ళే లోటా అందనివ్వలేదు, హుక్కా పంచుకోలేదు.

ముందు ఏడాదే అవధ్ రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీ మింగేసింది. కొత్తగా చేరే సిపాయి సముద్రం దాటమన్నా దాటాలని చట్టం తెచ్చింది. అలాంటి కంపెనీ నెయ్యి పూసుకోమన్నా అందులో మోసమే కనిపించింది. తూటాకున్న కొవ్వు తుడిస్తే పోతుంది. మనసుకు పట్టిన అనుమానానికి ఏ గుడ్డా పనికిరాలేదు.

మార్చి 29న బారక్‌పూర్‌లో సిపాయి మంగళ్ పాండే దొరల మీద తుపాకి ఎత్తాడు. ఏప్రిల్ 8న ఉరికంబం ఎక్కాడు.

ఏప్రిల్ 24, మీరట్. కల్నల్ కార్మైకేల్ స్మిత్ 3వ అశ్విక దళంలో 90 మందిని నిలబెట్టాడు. చేత్తో చింపే కొత్త పద్ధతి చూపిస్తానన్నాడు. మీ మేలు కోరే ఈ మార్పు అన్నాడు. తూటాలు అందించారు. అయిదుగురు పుచ్చుకున్నారు. 85 మంది చెయ్యి చాపలేదు.

మే 9న సైన్యమంతా చూస్తుండగా వాళ్ళ యూనిఫారాలు ఊడదీసి, కాళ్ళకు సంకెళ్ళు బిగించి జైలుకు పంపారు. మర్నాడు ఆదివారం. సాయంత్రానికి జైలు తలుపులు బద్దలయ్యాయి. రాత్రికి రాత్రే గుర్రాలు ఢిల్లీ దారి పట్టాయి.

ఆ 85 మంది ముట్టని తూటాలు ఎన్‌ఫీల్డువి కావు. కొత్త కొవ్వు సోకనివి. ఎప్పటినుంచో వాళ్ళు వాడుతూ వచ్చిన పాతవే.