తెర వెనక 7,561 ఇన్వాయిస్‌లు

2009 జనవరి 7. బుధవారం. సంక్రాంతికి ఇంకా వారముంది. ఆ పొద్దున సత్యం కంప్యూటర్స్ బోర్డుకి ఒక ఉత్తరం వెళ్ళింది. అడుగున సంతకం చైర్మన్ బి. రామలింగరాజుది. ఖాతాల్లో చూపిస్తున్న నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు! రాసింది శత్రువు కాదు, కంపెనీ పెట్టినాయనే.

మార్కెట్ కూలింది. ముందురోజు 179 రూపాయల దగ్గర ఆగిన షేరు, సాయంత్రానికి 40కి జారింది. సెన్సెక్స్ 749 పాయింట్లు పడింది. భీమవరం దగ్గర ఆయన సొంతూరు గరగపర్రు వైపు జనం నమ్మలేదు. వాళ్ళకి రాజుగారంటే ఊళ్ళల్లో మంచినీళ్ళ ప్లాంట్లు పెట్టించిన బైర్రాజు ఫౌండేషన్. వాళ్ళకి ఆయన 108 అంబులెన్సు తెచ్చిన మనిషి. రెండు రోజులు తిరిగేసరికి ఆయన పోలీసుల అదుపులో ఉన్నాడు. డబ్బు లేదు, సరే. మరి ఏళ్ళ తరబడి ఆ అంకె ఎక్కణ్ణించి పుట్టింది?

ఫిబ్రవరిలో కేసు సీబీఐ చేతికొచ్చింది. బయట ఎండలు ముదురుతున్నాయి. లోపల కంప్యూటర్లు విప్పుతున్నారు. సత్యంలో బిల్లు పుట్టాలంటే ఒక వరస ఉంది: ముందు ప్రాజెక్టుకో నంబరు పడాలి, దాని మీద పనిచేసిన ఇంజినీర్లు ఎన్ని గంటలు చేశారో ‘ఆన్‌టైమ్’లో ఎక్కించుకోవాలి, ఆ గంటలు బిల్లింగు సాఫ్ట్‌వేర్‌లోకి పారి లెక్క తేలాలి, అప్పుడుగానీ ఐఎంఎస్ అనే ఇన్వాయిస్ వ్యవస్థలోంచి కస్టమరు పేరున కాగితం బయటికి రాదు. గంటలు లేకపోతే బిల్లు లేదు. కానీ దొడ్డిదారి ఒకటుంది.

దాని పేరు ఎక్సెల్ పోర్టింగ్. అత్యవసరానికని పెట్టుకున్నది. ప్రాజెక్టు అక్కర్లేదు, గంటలు అక్కర్లేదు. ఎక్సెల్‌లో అంకెలు కొట్టి నేరుగా ఐఎంఎస్‌లోకి దింపెయ్యొచ్చు. దింపారు కూడా. అయితే ఒక చిక్కొచ్చింది. ఫలానా కస్టమరుకి తాను చెయ్యని పనికి బిల్లు కనిపిస్తే, ఆ కస్టమరు పని చూసే విభాగం పెద్ద ఊరుకుంటాడా?

అందుకే అక్షరం పెట్టారు. ప్రతి ఇన్వాయిస్ పక్కనా ఒక గుర్తు. ‘హెచ్’ ఉంటే అందరికీ కనిపిస్తుంది. ‘ఎస్’ ఉంటే మాయం. విభాగాల వాళ్ళు రిపోర్టు తీస్తే వాళ్ళ అసలు బిల్లులే వచ్చేవి. కంపెనీ మొత్తం ఆదాయం లెక్కకొచ్చేసరికి ‘ఎస్’ బిల్లులూ కలిసేవి. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం మామూలు ఉద్యోగికి లేదు. చూపించాలన్నా దాచాలన్నా ‘సూపర్ యూజర్’ లాగిన్ కావాలి. దర్యాప్తు వాళ్ళ చేతికి ఆ తలుపు దొరికింది.

తెరిచారు. కొల్లేట్లో గుర్రపుడెక్క పక్కకి లాగితే నీళ్ళు బయటపడ్డట్టు, జాబితా బయటపడింది. 2003 ఏప్రిల్ నుంచి 2008 డిసెంబరు దాకా పుట్టిన ఇన్వాయిస్‌లు 74,625. వాటిలో ‘ఎస్’ గుర్తువి 7,561. విలువ 5,117 కోట్లు. పదింట ఒకటి దొంగదన్నమాట! వీటిలో 6,603 కంపెనీ ఖాతాలు రాసే ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌లోకీ ఎక్కాయి.

ఎందుకు చెరపలేదు? ఈ కథకి ఆయువుపట్టు ఇదే. చెరిపితే ఆదాయం కూలుతుంది. మూడు నెలలకోసారి లోకానికి చెప్పిన అంకెకి ఆ దొంగ బిల్లే ఆధారం. దాచగలరు, పారెయ్యలేరు. అంచేత పాత త్రైమాసికాలన్నీ తేదీలతో సహా అలాగే మిగిలాయి. పైగా బిల్లు పుడితే చాలదు, డబ్బు కూడా రావాలిగా?

అదీ కాగితమ్మీదే వచ్చింది. నకిలీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, నకిలీ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు. కానీ బ్యాంకుల పాత రికార్డులు బ్యాంకుల దగ్గరున్నాయి. అవి తెప్పించారు. కంపెనీ కాగితంలో కోట్లున్న చోట బ్యాంకు లెక్కలో డిపాజిట్టే లేదు. తవ్వేకొద్దీ లోకంలో లేని ఏడు కస్టమరు కంపెనీలు తేలాయి. వాటి పేర పుట్టిన బిల్లులే 430 కోట్లు.

ఏప్రిల్ 7న మొదటి చార్జిషీటు పడింది. విచారణ ఆరేళ్ళు నడిచింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా పదిమందినీ దోషులుగా తేల్చి, ఏడేళ్ళ జైలు వేసింది. మే 11న సెషన్స్ కోర్టు ఆ శిక్ష అమలు ఆపి, వాళ్ళకి బెయిలిచ్చింది.