డ్రమ్ములో రెండు మందులు

1987లో మా గుంటూరు జిల్లా పత్తి చేల మీద తెల్లదోమ విరుచుకుపడింది. ఒక మందుకు లొంగకపోతే రెండు కలపడం మా ఇంట్లో అప్పుడే మొదలైంది. నాన్న కాలువ గట్టున డ్రమ్ములో మోనోక్రోటోఫాస్, సైపర్‌మెత్రిన్ పోసి కందికట్టెతో తిప్పేవాడు. ఖాళీ డబ్బాలు కాలువలోనే కడిగేవాళ్లం. నేనూ కడిగాను, దాచడమెందుకు!

సైపర్‌మెత్రిన్‌ను విరగ్గొట్టే ఎంజైములు పురుగుల ఒంట్లో ఉంటాయి. మోనోక్రోటోఫాస్ జాతి మందులు వాటిని పనిచేయనివ్వవు. అందుకే రెండూ కలిస్తే విషం ఒక్కోసారి కూడికలా కాదు, గుణింతంలా పెరుగుతుంది. చేలో పురుగైనా, నీళ్లలో పెరిగే తూనీగ పిల్లైనా ఆ మందుకు ఒకటే. డబ్బాలు కడిగిన రేవులో నీటి మీద పరుగెత్తే పురుగులు వెల్లకిలా తేలేవి. చేపలు తేలితే ఊరంతా మాట్లాడుకునేది. వీటిని ఎవరూ పట్టించుకోలేదు.

తెల్లదోమ మాత్రం చావలేదు.