వినియోగదారు దోషి కాడు: మానవకేంద్రిత సైబర్ భద్రత – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: సైబర్ మోసం జరిగినప్పుడు నింద సాధారణంగా బాధితుని అజాగ్రత్త మీదికే పోతుంది. ఈ అభిప్రాయం ఎలా స్థిరపడిందో, పరిశోధకులు దానిని ఎలా ప్రశ్నించారో పాస్‌వర్డ్ చరిత్ర ఆధారంగా పరిశీలించి, ఆ చర్చను భారతీయ సందర్భానికి అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సైబర్ భద్రత, పాస్‌వర్డ్, వినియోగదారు, డేటా పరిరక్షణ, నిర్లక్ష్యం.

1. ఉపోద్ఘాతం

కార్యాలయాల్లో కంప్యూటర్ తెర అంచున పాస్‌వర్డ్ రాసి అంటించిన చీటీ కనిపించడం అరుదు కాదు. ఇంట్లో పెద్దవారు ఏటీఎం పిన్‌ను గోడ క్యాలెండర్ మీద రాసుకోవడమూ మనకు తెలిసినదే. చూసినవారు దానిని అజాగ్రత్త అంటారు. ఆ చీటీ రాయవలసిన అవసరం ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా పరిశోధనాంశమైంది. ఆ ఆలస్యానికి ఒక చరిత్ర ఉంది.

2. మరుగునపడిన సూత్రం

నెదర్లాండ్స్‌లో పుట్టి పారిస్‌లో జర్మన్ భాష బోధించిన ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లో సైనిక గూఢలిపి గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో ఆరు నియమాలున్నాయి. పద్ధతి శత్రువు చేతికి చిక్కినా రహస్యం చెడకూడదన్న రెండవ నియమం ప్రసిద్ధికెక్కింది. పద్ధతి వాడడానికి సులభంగా ఉండాలి, మనసుకు శ్రమ కలిగించకూడదు, నియమాల పెద్ద జాబితాను గుర్తుపెట్టుకోవలసిన పని ఉండకూడదు అన్నది ఆరవ నియమం. దీనికి ఆ స్థాయిలో ప్రచారం దక్కలేదు. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ కంప్యూటర్ రక్షణకు ప్రతిపాదించిన ఎనిమిది సూత్రాలలో చివరిది కూడా ఇదే భావాన్ని చెబుతుంది: రక్షణ విధానం వాడేవారి మనసుకు ఆమోదయోగ్యంగా ఉండాలి. అంటే ఈ భావన కొత్తది కాదు. ఆచరణే దానిని పట్టించుకోలేదు.

3. పాస్‌వర్డ్ ఆవిర్భావం, తొలి వైఫల్యాలు

1961లో ఎమ్ఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం ప్రదర్శించిన సీటీఎస్ఎస్ వ్యవస్థలో ఒకే కంప్యూటర్‌ను అనేకులు పంచుకునేవారు. ఎవరి ఫైళ్లు వారికి దక్కడానికి పాస్‌వర్డ్ ఏర్పాటు చేశారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకు కేటాయించిన కంప్యూటర్ సమయం చాలక, పాస్‌వర్డ్‌ల ఫైలునే అచ్చు వేయించుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకు ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి ఎడిటర్‌ను వాడడంతో రెండు ఫైళ్లు తారుమారై, లాగిన్ అయిన ప్రతివారికీ ఆనాటి సందేశానికి బదులు అందరి పాస్‌వర్డ్‌లు కనిపించాయి. ఈ రెండు ఘటనల్లోనూ లోపం వ్యవస్థ నిర్మాణానిదే. పాస్‌వర్డ్ పెట్టుకున్నవారి తప్పు లేదు.

అయినా 1979లో మోరిస్, థాంప్సన్ ప్రచురించిన అధ్యయనం చర్చను వినియోగదారు వైపు మళ్లించింది. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డ్‌లలో 2,831, అంటే 86 శాతం, సులభంగా ఊహించదగినవి. గణాంకం సరైనదే. మనుషులు అటువంటి పదాలనే ఎందుకు ఎంచుకుంటారన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

4. దృష్టి మార్పు: 1999

ఆ ప్రశ్నకు సమాధానం 1999లో లభించింది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఆన్ ఆడమ్స్, ఏంజెలా సాస్ ఉద్యోగులను స్వయంగా విచారించి, వినియోగదారులు శత్రువులు కారని శీర్షికలోనే ప్రకటించారు. పాస్‌వర్డ్‌ల సంఖ్య పెరగడం, వాటిని తరచుగా మార్చమని నిర్బంధించడం వల్లనే ఉద్యోగులు వాటిని రాసుకుంటున్నారని వారు నిరూపించారు. అదే ఏడాది విట్టెన్, టైగర్ ఒక ప్రయోగం చేశారు. ఈ-మెయిల్‌ను గుప్తీకరించే పీజీపీ 5.0ను పన్నెండుమందికి ఇచ్చి 90 నిమిషాల గడువు పెట్టారు. మూడింట ఒక వంతు మాత్రమే పని సరిగా పూర్తిచేశారు. ముగ్గురు రహస్య సందేశాన్ని పొరపాటున గుప్తీకరించకుండానే పంపారు. గణితం నిర్దుష్టంగా ఉన్నా, వాడుక అర్థం కానప్పుడు రక్షణ లేనట్లేనని దీనివల్ల తేలింది.

నిబంధనలు మారడానికి మరింత కాలం పట్టింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో వెలువరించిన మార్గదర్శకాలు పెద్దక్షరాలు, అంకెలు, చిహ్నాలు కలిపిన పాస్‌వర్డ్‌ల పద్ధతికి ప్రపంచవ్యాప్త ప్రామాణ్యం కల్పించాయి. 2017 జూన్‌లో అదే సంస్థ ఆ కూర్పు నియమాలనూ, కారణం లేకుండా గడువు పెట్టి మార్పించడాన్నీ వద్దన్నది. తాను చేసిన సిఫారసులలో చాలావాటికి విచారిస్తున్నానని పాత పత్రం రచయిత బిల్ బర్ ఆ ఆగస్టులో పత్రికాముఖంగా అంగీకరించాడు.

5. భారతీయ సందర్భం

మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. ఆ తర్వాత ఓటీపీ ఇంటింటి మాటైంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఖాతాదారు బాధ్యతను పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారు తప్పును రుజువు చేసే భారం బ్యాంకుదే అన్నది. అయితే రహస్య వివరాలు ఇతరులకు చెప్పడాన్ని అది నిర్లక్ష్యంగా పేర్కొన్నది; బ్యాంకుకు ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టమంతా ఖాతాదారే భరించాలి. పోలీసు అధికారిగా నటించి భయపెట్టినవానికి ఓటీపీ చెప్పిన వృద్ధురాలిదీ ఈ లెక్కన నిర్లక్ష్యమే అవుతుంది. 1999 నాటి పరిశోధన ప్రశ్నించిన భావన ఇక్కడ నిబంధన రూపంలో నిలిచి ఉంది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తగిన రక్షణ కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చన్నది. సమ్మతి కోరే విజ్ఞప్తిని స్పష్టమైన, సరళమైన భాషలో ఉంచాలని, ఆంగ్లంలో గాని ఎనిమిదవ షెడ్యూలు భాషలలో దేనిలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలని నిర్దేశించింది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. కెర్కాఫ్స్ ఆరవ నియమానికి ఇది చట్టపరమైన కొనసాగింపుగా భావించవచ్చు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల రెండు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, మనిషిని భద్రతకు లోపంగా చూడడం సహజసత్యం కాదు. వ్యవస్థల వైఫల్య భారం వినియోగదారు మీదికి మారిన క్రమంలో ఏర్పడిన అభిప్రాయం. రెండవది, అర్థమయ్యే భాష భద్రతలో భాగం. అర్థం కాని హెచ్చరిక ఎవరినీ కాపాడదు. ఆంగ్ల ఒప్పందపత్రాన్ని మక్కికి మక్కి తెలిగించినంత మాత్రాన చట్టం కోరిన సరళత సిద్ధించదు. సామాన్య పాఠకునికి అర్థమయ్యే తెలుగులో సమ్మతిపత్రాలను, హెచ్చరికలను రూపొందించడం, వాటిని పాఠకులచేత చదివించి పరీక్షించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. సాంకేతిక నిపుణులకు మాత్రమే వదిలితే ఆ పని పూర్తికాదు.