గుమాస్తా పోయె, ఫైలు వచ్చె

సర్కారు కొలువు మీద విసుర్లకు మన దేశంలో ఏనాడూ కరువు లేదు. కాకపోతే ఆ విసురు తగిలే చోటు మారుతూ వచ్చింది. పూర్వం కలం పట్టిన మనిషిని చూసి నవ్వారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ మనిషి మెల్లగా పక్కకు తప్పుకుని తన కుర్చీలో ఫైలును కూర్చోబెట్టాడు.

కౌటిల్యుడు నవ్వే రకం కాదు. రాజధనాన్ని ఉద్యోగులు కాజేసే దారులు నలభై అని అర్థశాస్త్రంలో లెక్కతేల్చి, శిక్షలు రాసి ఊరుకున్నాడు. నవ్వినవాడు క్షేమేంద్రుడు. 11వ శతాబ్దపు కాశ్మీరంలో ఆయన రాసిన ‘నర్మమాల’ గురి అంతా కాయస్థుల మీదే, అంటే రాజుగారి లెక్కలూ దస్తావేజులూ చూసే ఉద్యోగుల మీదే. నిన్నటిదాకా పూట గడవనివాడు కొలువు దొరకగానే ఎలా మారిపోతాడో, ఆ ఇంటి హంగు ఎలా పెరుగుతుందో, గుళ్ళ సొమ్ము ఎలా కరుగుతుందో పైనుంచి కిందిదాకా వరసపెట్టి చూపిస్తాడు. మరో వందేళ్ళకు కల్హణుడు కూడా ‘రాజతరంగిణి’లో వాళ్ళను తిట్టిపోశాడు. ఆ తిట్లు చరిత్రకారులకు పనికొచ్చాయి గానీ, చదువుకోవడానికి నాకైతే క్షేమేంద్రుడే హాయి.

మన దగ్గర ఆ పాత్ర కరణానిది, తెలంగాణలో పట్వారీది. ఊరి భూముల లెక్కంతా ఒక్క ఇంట్లో, ఒక్క పెట్టెలో ఉండేది. తండ్రి తర్వాత కొడుకు. సుమతీ శతకం ఒక కరణాన్ని మరో కరణం నమ్మకూడదని, తన గుట్టు వాడికి చిక్కనివ్వకూడదని హితవు చెబుతుంది. జాగ్రత్త చెప్పింది రైతుకు కాదు, కరణానికే! అసలు చురక అక్కడే ఉంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసేదాకా పల్లెల్లో ఆ మాటకు పదును తగ్గలేదు.

విశాఖలో ప్లీడరుగా ఉన్న రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ రాసేనాటికి కరణం పక్కన పోలీసూ, కోర్టూ చేరాయి. మద్యనిషేధ చట్టం ఎవరికి అన్నం పెడుతోందో, ఎవరి నోటి దగ్గర కూడు లాగేస్తోందో ఆయన చూపించాడు. ఇక్కడా ఎవరి వాటా ఎంతో, ఎవరి చేయి తడపాలో తెలుసు. మోసగాడికి ముఖముంది.

ముఖం చెరిగిపోవడం ఎప్పుడు మొదలైంది? 1955లో నార్త్‌కోట్ పార్కిన్సన్ లండన్ ‘ఎకనామిస్ట్’లో ఓ వ్యంగ్య వ్యాసం రాశాడు. 1914లో బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద యుద్ధనౌకలు 62 ఉంటే 1928 నాటికి 20 మిగిలాయి. ఆ మధ్యకాలంలోనే నౌకాశాఖ ఆఫీసులో ఉద్యోగులు 2,000 నుంచి 3,569కి పెరిగారు. వీళ్ళలో ఎవరూ దొంగలు కారు, బద్ధకస్తులూ కారు. ఒకరికొకరు పని కల్పించుకుంటూ సాయంత్రం దాకా నిజంగానే చెమటోడ్చారు, అంతే.

మన దేశంలో ఆ సంగతి పట్టుకున్నవాళ్ళు హిందీ, ఉర్దూ రచయితలు. హరిశంకర్ పర్సాయీ ‘భోలారామ్ కా జీవ్’ కథలో రిటైరై అయిదేళ్ళయినా పెన్షన్ రాని జబల్పూరు ఉద్యోగి ఒకడు చనిపోతాడు. యమదూత చేతిలోంచి జీవుడు మాయం. వెతకడానికి సాక్షాత్తూ నారదుడే దిగివచ్చి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. కాగితాల మీద బరువు పెడితేనే గాలికి ఎగిరిపోకుండా ఉంటాయని పెద్దసారు సెలవిస్తాడు. బరువు కింద నారదుడి వీణ చెల్లిపోతుంది. ఫైలు తెరిచి పేరు పిలిస్తే లోపలినుంచి జీవుడే పలుకుతాడు, పోస్టుమానేమో, ఆర్డరొచ్చిందేమో అనుకుని. స్వర్గానికి రమ్మంటే రాడు. దరఖాస్తులను విడిచి ఎలా వస్తాడు?

పర్సాయీ కథలో లంచం ఇంకా ఉంది. కృష్ణ చందర్ ‘జామున్ కా పేడ్’లో అదీ లేదు. గాలివానకు సచివాలయం పచ్చికలో నేరేడు చెట్టు కూలి ఒకాయన దాని కింద చిక్కుకుంటాడు. తోటమాలి బంట్రోతుకు, బంట్రోతు గుమాస్తాకు, గుమాస్తా సూపరింటెండెంటుకు చెబుతారు. చుట్టూ చేరినవాళ్ళు ఆ చెట్టు పళ్ళ రుచి తలుచుకుని బాధపడతారు. నలుగురు కలిసి తోస్తే తొలగే మాను. అయితే చెట్టు ఏ శాఖది? వాణిజ్యం వాళ్ళు వ్యవసాయానికి, వాళ్ళు పళ్ళచెట్టు గనక ఉద్యానశాఖకు పంపుతారు. కిందివాడు కవి అని తెలిసేసరికి ఫైలు సాంస్కృతిక శాఖకు పోతుంది. చెట్టుకు బదులు మనిషిని కోసి తర్వాత అతికిద్దామని కూడా ఒకరు సలహా ఇస్తారు. తీరా గొడ్డళ్ళు వచ్చాక విదేశాంగశాఖ అడ్డుపుల్ల: ఆ మొక్క నాటింది మిత్రదేశపు ప్రధాని! చివరికి మన ప్రధాని అనుమతిచ్చి, ఫైలు పూర్తయిందని కవికి చెప్పేసరికి ఆయన చెయ్యి చల్లబడిపోయింది. కథ మొత్తంలో పైసా చేతులు మారలేదు.

1968 నాటి శ్రీలాల్ శుక్లా నవల ‘రాగ్ దర్బారీ’లో లంగడ్ లంచమివ్వకుండానే తహసీలు ఆఫీసులో నకలు పుచ్చుకోవాలని పంతం పడతాడు. కొర్రీ వెనక కొర్రీ. రాసినాయన ఉత్తరప్రదేశ్ ప్రభుత్వంలో అధికారి కావడం వల్లే కొర్రీలన్నీ అచ్చం ఆఫీసు కొర్రీల్లా ఉన్నాయి. మరుసటేడు ఆ నవలకు సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది.

2001లో ‘ఆఫీస్ ఆఫీస్’ సీరియల్లో పంకజ్ కపూర్ వేసిన ముసద్దీలాల్, ఆఫీసుల చుట్టూ తిరిగే ఈ కోవ మనుషుల్లో చివరివాడేమో. 2005లో సమాచార హక్కు చట్టం, ఆ తర్వాత మీసేవ వచ్చాయి. చాలా పనులు సులువయ్యాయి, కాదనను. కానీ పెద్దసారు క్యాంపుకెళ్ళారన్నప్పుడు కనీసం ఆ చెప్పే బంట్రోతును అనుకరించి ఇంట్లో నలుగురినీ నవ్వించొచ్చు. సర్వరు డౌన్ అన్నప్పుడు ఎవరిని అనుకరించాలి? గిరగిరా తిరిగే ఆ గుండ్రటి గుర్తుకు మీసాలు పెట్టగల రచయిత ఇంకా రావాలి.

పాత కథలకు వేడి మాత్రం తగ్గలేదు. ‘జామున్ కా పేడ్’ ఐసీఎస్ఈ పదో తరగతి హిందీ పాఠ్యాంశంగా ఉండేది. 2019 నవంబరులో బోర్డు దాన్ని తీసేసింది. 2020, 2021 పరీక్షల్లో ఆ కథ మీద ప్రశ్నలుండవని తాఖీదు పంపింది. బోర్డు పరీక్షలకు అప్పటికి మూడు నెలలో ఎంతో ఉంది. కాగితం అంత చురుగ్గా కదిలిన ఘట్టం ఆ కథలో ఒక్కటీ లేదు.