విరిగిన బోల్టు మీది రాత

పాత అంబాసిడర్‌లో వెనక కమాన్ కట్టను ఇరుసుకు బిగించి పట్టేవి యూ బోల్టులు. పట్టీలన్నీ పక్కకు జారకుండా నడుమ ఒక సెంటర్ బోల్టు ఉంటుంది. అది తెగితే ఇరుసు ఒకపక్క ముందుకో వెనక్కో జరుగుతుంది. కారు ముఖం ఒకవైపు, నడక ఇంకోవైపు. సాధారణంగా విరిగిన ముక్కను తుక్కులో పారేసి కొత్తది వేస్తారు. ఎందుకు విరిగిందో చెప్పే సాక్ష్యం మాత్రం ఆ ముక్క మీదే ఉంటుంది. దాన్ని చదవడం మనుషులకు ఊరికే రాలేదు.

జర్మనీలోని క్లౌస్తాల్ గనుల్లో బరువు లాగే ఇనుప గొలుసులు, తమ బలానికి లోబడిన బరువుకే తెగిపోయేవి. పదేపదే లాగడమే అందుకు కారణమని గని అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ పరీక్షించి 1837లో ప్రకటించాడు. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజన్ ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదానిపై ఒకటి ఎక్కాయి, మంటలు అంటుకున్నాయి. తలుపులకు బయట తాళాలు వేసి ఉండడంతో యాభైమందికి పైగా లోపలే కాలిపోయారు. దక్షిణ సముద్రాలు చుట్టివచ్చిన నావికుడు డ్యూమాంట్ డర్విల్, ఆయన భార్య, కొడుకు ఆ మృతుల్లో ఉన్నారు.

కుదుపులకు ఇనుము లోపల గింజకట్టి పెళుసవుతుందని అప్పటి నమ్మకం. విరిగిన చోట గరుకుగా కనిపించడమే ఆ పొరపాటుకు మూలం. ఇరుసు మందం ఒక్కసారిగా మారే మూలలో పగులు పుట్టి, మెల్లగా లోపలికి పాకుతుందని 1843లో ఇంజనీరు రాంకిన్ చూపాడు. తరవాత ఆగస్ట్ వోలర్ ప్రష్యా రైల్వేల కోసం ఇరుసులను యంత్రాలపై తిప్పి, 1870 నాటికి, పదేపదే పడే భారంతో లోహానికి వచ్చే ఈ అలసటకు లెక్కలు కట్టాడు.

ఆ ఇరుసు కథే చిన్న కొలతలో బోల్టులోనూ జరుగుతుంది. అలసటతో తెగిన బోల్టు ముఖంలో రెండు భాగాలుంటాయి. ఒకటి నునుపుగా ఉండి, అలలు ఇసుకపై వదిలిన గీతల్లాంటి వంపు చారలు చూపుతుంది. పగులు ఆగి ఆగి నడిచిన జాడలవి. వాటి వంపు ఏ బిందువు వైపు తిరిగితే అక్కడే పగులు మొదలైంది. రెండోది, చివర్లో ఒక్కసారిగా తెగిన గరుకు భాగం. అది చిన్నదైతే బోల్టు మీద పడిన భారం తక్కువే, పగులు చాలాకాలం నడిచిందని అర్థం. నునుపు భాగం తుప్పుతో నల్లబడి గరుకు భాగం మెరుస్తుంటే, ఆ పగులుతోనే బండి ఎన్నో రోజులు తిరిగింది.

ఎక్కువగా తెగేది నట్టులోని మొదటి మర దగ్గర. మొత్తం భారంలో దాదాపు మూడో వంతు ఆ ఒక్క చుట్టే మోస్తుంది.

బిగుతు చాలకపోవడమే చాలాసార్లు అసలు దోషం. నట్టు బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగి, ఆ సాగుడుతోనే రెండు భాగాలనూ అదిమి పడుతుంది. ఆ పట్టు ఉన్నంతసేపు గోతుల దెబ్బలో బోల్టుకు చేరేది కొద్దిపాలే. ప్లేట్ల మధ్య చిక్కిన తుప్పు, రంగు పొరలు నలిగిపోతే పట్టు సడలుతుంది. ఇక ప్రతి కుదుపూ నేరుగా బోల్టు మీదే పడుతుంది. అతుకు చుట్టూ ఎర్రమట్టి రంగు పొడి, నట్టు కింద రాపిడి మెరుపు ఈ సడలింపుకు గుర్తులు. సెంటర్ బోల్టు తెగిందంటే ముందు అనుమానించాల్సింది యూ బోల్టులనే. కొత్త సెంటర్ బోల్టు ఒక్కటే వేసి పంపితే అదీ తెగుతుంది.

అలసట కాక వేరే కారణాలతో తెగిన బోల్టుకు వేరే గుర్తులుంటాయి. మితిమీరి బిగిస్తే తెగేముందు బోల్టు మెడ సన్నబడుతుంది. అడ్డంగా కోతపడితే లోహం ఒకవైపుకు పూసినట్టు ఉంటుంది. బాగా గట్టిపరచి పూత పూసిన బోల్టు, పూత పూసేటప్పుడు లోహంలో చేరిన హైడ్రోజన్ వల్ల, బిగించిన కొన్ని గంటలకో రోజులకో నిల్చున్న బండిలోనే తల ఊడిపోవచ్చు. అంబాసిడర్ మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చినది గనక పాత బళ్లలో మరలు అంగుళాల కొలతవి. మిల్లీమీటర్ల నట్టును బలవంతంగా ఎక్కిస్తే మర నలిగి పట్టు పోతుంది.

విరిగిన ముఖాన్ని వైరు బ్రష్‌తో రుద్దకూడదు, రెండు ముక్కలను కలిపి చూడకూడదు. రెండింటివల్లా చారలు చెరిగిపోతాయి. విప్పేముందు, బోల్టులో ఏ వైపు బండి ముందుకు తిరిగి ఉందో గుర్తుగా గీత పెట్టాలి. ముందు వెనక చక్రాల నడుమ దూరాన్ని రెండు పక్కలా కొలిస్తే ఇరుసు జరిగిందీ లేనిదీ తేలుతుంది. యూ బోల్టులు, నట్లు మొత్తం కొత్తవి వేసి, ఆనుకునే ముఖాలను లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీదికి దించాకే చివరిసారి బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. కొత్త అతుకు సర్దుకునేటప్పుడు కొంత బిగుతు పోతుంది కాబట్టి, కాస్త దూరం తిప్పాక యూ బోల్టుల నట్లను మరోసారి టార్క్ రెంచితో సరిచూడాలి.