పాఠ్యభాగం, సాక్ష్యం, సొంతమాట: ఉత్తరాంధ్రలో వ్యాసరచన వివాదం

ఒక గద్యభాగాన్ని చదివి, దానిపై అభిప్రాయం చెప్పి, ఆ భాగంలోనే ఆధారం చూపుతూ వ్యాసం రాయడం నేటి మాధ్యమిక పాఠశాల విద్యార్థి నుంచి ఆశిస్తున్న నైపుణ్యం. 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధిపత్రం అనంతరం వెలువడిన తెలుగు వాచకాలలోని ‘అవగాహన–ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ విభాగాలు దీనికి ఉద్దేశించినవే. అయితే దీనికి ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది: విద్యార్థి ఆ సమాధానాన్ని ఏ భాషలో రాయాలి? శతాబ్దం కిందట విజయనగరం, పర్లాకిమిడి ఈ చర్చకు ప్రధాన కేంద్రాలయ్యాయి.

శ్రీముఖలింగ ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో చదివి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు. సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందుగా వారి భాషను తాను నేర్చుకొని, ఆ భాషలోనే వాచకాలు సిద్ధం చేశారు. శ్రీముఖలింగ శాసనాలను చదివి పరిశోధించిన చరిత్రకారుడు కూడా ఆయనే. విజయనగర సంస్థానోద్యోగి గురజాడ అప్పారావు 1897లో ‘కన్యాశుల్కం’ ప్రచురించి, వాడుకభాష రచనకు తగినదేనని నిరూపించారు.

1907 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్, బోధనలో వినిపించే తెలుగుకూ పుస్తకాలలోని తెలుగుకూ గల అంతరాన్ని ప్రశ్నించారు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు, గురజాడ ఆయనతో ఏకీభవించారు. స్కూల్ ఫైనల్, ఇంటర్మీడియట్ స్థాయిలలో దేశభాషా వ్యాసరచనకు ప్రాధాన్యం పెరగడంతో ఇది పరీక్షాపత్రానికి సంబంధించిన సమస్యగా మారింది. మద్రాసు విశ్వవిద్యాలయ తెలుగు వ్యాసరచన సంఘంలో అధికసంఖ్యాకులు గ్రాంథికం వైపు నిలువగా, గురజాడ 1914లో విపులమైన అసమ్మతి పత్రం సమర్పించారు.

ఈ వాదంలో గమనించవలసినది దాని పద్ధతి. గిడుగు కేవలం అభిప్రాయ ప్రకటనతో తృప్తిపడలేదు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము’లో గ్రాంథికవాదుల వాక్యాలనే ఉదాహరించి, వారు విధించిన నియమాలు వారి రచనలలోనే నిలవలేదని చూపారు. ‘గద్యచింతామణి’లో వ్యావహారిక గద్యానికి పూర్వపు ఉదాహరణలను సంకలనం చేశారు. ప్రతిపాదన, పాఠ్యసాక్ష్యం, వాటిని కలిపే వివరణ అనే మూడు అంగాలూ వీటిలో ఉన్నాయి. నేటి విద్యార్థి వ్యాసానికి కావలసినవీ ఇవే. శాసనపాఠాన్ని అక్షరమక్షరం పరిశీలించే శిక్షణ ఈ క్రమశిక్షణకు దోహదపడి ఉంటుంది.

ప్రతిపక్షవాదాన్ని తేలికగా తోసిపుచ్చడానికి వీలులేదు. మాటతీరు జిల్లాకూ కులానికీ మారుతుంది కనుక పరీక్షకు ఒక ఉమ్మడి ప్రమాణం అవసరమని జయంతి రామయ్య పంతులు ప్రభృతులు వాదించారు. విద్యావంతుల వాడుకలో అటువంటి ప్రమాణం ఉన్నదని వ్యావహారికవాదుల సమాధానం. కాలక్రమంలో పాఠశాలకు శిష్టవ్యావహారికం వచ్చింది. కాని ఉత్తరాంధ్రలో పుట్టిన ఈ ఉద్యమం గెలిచిన తరువాత కూడా శ్రీకాకుళం పల్లె పిల్లల పలుకుబడికి వాచకంలో చోటు స్వల్పమే. వారికి శిష్టవ్యావహారికం కూడా కొంతవరకు నేర్చుకోవలసిన భాషే.

దీని పర్యవసానం సమాధానపత్రంలో కనిపిస్తుంది. తన మాట తప్పవుతుందని శంకించే విద్యార్థికి పాఠంలోని వాక్యాన్ని యథాతథంగా ఎత్తిరాయడమే సురక్షితమార్గం. అప్పుడు సాక్ష్యమే సమాధానమైపోతుంది, వివరణ లోపిస్తుంది. సాక్ష్యం పుస్తకం మాటలో ఉండవచ్చు, ఉండాలి కూడా. ఆ సాక్ష్యం దేనిని నిరూపిస్తున్నదో చెప్పే వాక్యం మాత్రం విద్యార్థిదే కావాలి. మూల్యాంకనంలో యాసను దోషంగా లెక్కించినంత కాలం ఆ వాక్యం రాయడానికి విద్యార్థి వెనుకాడుతూనే ఉంటాడు. 1914లో తేలని వివాదంలో ఈ అంశం నేటికీ మిగిలే ఉంది.